ఫ్లానెల్ చుట్టిన పంజరం

1859 అక్టోబరు 4, మంగళవారం

ఇవాళ ఒకావిడ పంజరంలోంచి గడియారం తీశాను. రాసిపెట్టుకోకపోతే రేపటికి నేనే నమ్మను. మా సుంకం ఆఫీసరు పిల్చర్‌గారు బల్ల వెనక నిలబడి "సుంకం కట్టాల్సిన సరుకేమైనా ఉందా అమ్మా?" అని అడుగుతున్నారు. ఆవిడ "అబ్బే, ఏం లేదండీ" అంటోంది. సరిగ్గా అప్పుడే ఆవిడ నడుము కింద ఠంగుమని గంట కొట్టింది. కూలీలు పొట్టలు పట్టుకుని నవ్వారు. తనిఖీ గదిలోకి తీసుకెళ్ళి చూస్తే, ఉక్కు చుట్లకు తాడు కట్టి వేలాడదీసిన ఫ్రెంచి గడియారం ఎంచక్కా నడుస్తోంది. మా రేవు గడియారం కంటే అదే నయం.

ఈ పంజరాలు వచ్చాక ఆడవాళ్ళను తనిఖీ చేసే నా ఉద్యోగానికి మంచి రోజులొచ్చాయి. దొరసానులు క్రినొలిన్ అంటారు, మా ఫోక్‌స్టన్ రేవులో పంజరం అనే అంటాం. పట్టీలకు వేలాడే ఉక్కు చుట్లు, కిందికి పోయేకొద్దీ పెద్దవి, వాటి మీద పావడా, ఆపైన గౌను. పూర్వం గంజి పెట్టిన పావడాలు ఒకదాని మీద ఒకటి తొడిగే రోజుల్లో ఆ బరువు మోయడమే గగనం, ఇంక దొంగసరుకేం మోస్తారు? ఇప్పుడు లోపలంతా ఖాళీ. అంత ఖాళీ దొరికాక ఏదో ఒకటి పెట్టకుండా ఎవరుంటారు?

అసలు రాద్దామనుకున్నది ఇంకొకావిడ గురించి. అదే స్టీమరులో ఫ్రాన్సులోని బులోన్ నుంచి వచ్చింది. పేరు మిసెస్ ఏవరిల్. ముప్పై దాటి ఉండవు. మెట్లు దిగుతున్నప్పటి నుంచీ దొంగచూపులే. పిల్చర్‌గారిని చూసి ఉలిక్కిపడింది, పావడాను రెండు చేతులా అదిమిపట్టుకుంది. ఇన్నేళ్ళ నౌకరీలో ఇంత బాగా దొంగలా కనబడిన మనిషిని నేను చూడలేదు. అసలు దొంగలు అలా ఉండరు. గడియారం ఆవిడ దారి పొడవునా కూనిరాగం తీస్తూ వచ్చింది.

ఆడవాళ్ళకు తనిఖీ ఇష్టం లేకపోతే "నన్ను సుంకాల కలెక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళండి" అనే హక్కుంది. కారణం లేకుండా పట్టుకున్నారని ఆయన తేలిస్తే, జరిమానా ఆ ఆఫీసరు నెత్తినే పడుతుంది. అందుకే పిల్చర్‌గారికి ఎప్పుడూ గుండెల్లో గుబులే. ఈవిడ ఆ ఊసే ఎత్తలేదు. విందుకు పిలిచినట్టు నాకంటే ముందే గదిలోకి నడిచింది.

ఏమీ లేదు. లేసు లేదు, చేతితొడుగులు లేవు, బ్రాందీ లేదు. ఒకటే వింత. పంజరం వెనకవైపు కింది చుట్లకు లోపలి నుంచి మెత్తటి ఫ్లానెల్ గుడ్డ చుట్టి కుట్టించుకుంది.

"ఇదెందుకమ్మగారూ?"

"చువ్వలు కాళ్ళకు కొట్టుకుంటాయి."

"వెనకవైపా?"

ఆవిడ నవ్వి గౌను సర్దుకుంది. నాకు ఒళ్ళు మండింది.

అక్టోబరు 5

కాళ్ళు ముందుకు కదా నడిచేది. వెనక ఫ్లానెల్ ఎందుకు?

అక్టోబరు 7, శుక్రవారం

రొయ్యలమ్మే నా నేస్తం థర్జాను అడిగాను. దాని రొయ్యల పాకలో కూర్చుని టీ తాగుతూ అంతా చెప్పాను.

"ఇనుముకు చలేస్తుందేమో లేవే" అంది.

"వేళాకోళం వద్దు. ఆలోచించు."

"నేనెందుకు ఆలోచించాలి? నీకు జీతమిచ్చేది ఎందుకూ? ఒసే కెజియా, మీ ఆయన జెమ్ పోయినప్పుడు ఈ ఉద్యోగం నీకెందుకిచ్చారో తెలుసా? ఊళ్ళో నీ అంత ఆరాల మనిషి ఇంకొకతె లేదని."

జెమ్ సుంకం పడవ మీద పనిచేసి పోయాడని ఇచ్చారు. కానీ దాని మాటలోనూ అబద్ధం లేదు. మూసి ఉన్న మూత కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

అక్టోబరు 18, మంగళవారం

మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే బెదురు, అదే అదుముకోవడం. పంజరం ఇంకా వెడల్పు. పిల్చర్‌గారు నావైపు చూశారు, నేను తలూపాను. తప్పు నాదే. ఇవాళ కూడా ఏమీ దొరకలేదు. తనిఖీ అయ్యేదాకా నోరు మెదపని మనిషి, అవగానే బొట్టు బొట్టుగా కన్నీళ్ళు కార్చుకుంటూ నేరుగా కలెక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. రెండోసారి అవమానించారంది. గది తలుపు తెరిచే ఉంది, అందరికీ వినబడింది. పిల్చర్‌గారి మొహం ఉడకబెట్టిన ఎండ్రకాయలా అయిపోయింది. జరిమానా తప్పింది గానీ చీవాట్లు తప్పలేదు. ఇక మీదట ఆ దొరసాని మీద చెయ్యి వేయకూడదని కలెక్టరుగారి హుకుం.

ఒకావిడకు తనిఖీ చేయించుకోవాలని ఎందుకుంటుంది? చేయించుకుని, ఏడ్చి, ఇక చేయొద్దనిపించుకోవడానికా?

ఇంకోటి కూడా ఉంది. వెనక పట్టీకి, మోకాలి ఎత్తులో, ఒక గుడ్డ ఉంగరం కుట్టి ఉంది, పట్టుకునే పిడిలా. నా చెయ్యి దూర్చి చూశాను, పట్టలేదు. దాని మీద ఏదో జిగురు. ఆవిడ అటు తిరిగి గుండీలు పెట్టుకుంటున్నప్పుడు వేలితో తీసి నాకి చూశాను.

బార్లీ చక్కెర మిఠాయి.

అక్టోబరు 19

నిద్ర సరిగా పట్టలేదు. రొంప.

అక్టోబరు 22, శనివారం

పంజరం కొన్నాను. ఉద్యోగం కోసమే. ఏది ఎక్కడ దాచవచ్చో తొడిగి చూస్తే తప్ప తెలియదు కదా. అంతకు మించి ఏమీ లేదు.

దుకాణంలో అమ్మాయి "ఏ సైజు కావాలండీ?" అంటే "పెద్దది" అన్నాను.

"మీ ఎత్తుకు చిన్నదే నప్పుతుందమ్మా."

"పెద్దదే ఇయ్యి."

అక్టోబరు 24, సోమవారం

ఊరంతా నా మీద పడి నవ్వింది. నవ్వితే నవ్వనీ.

థర్జా పాక గుమ్మంలో ఇరుక్కుపోయాను. వెనక్కి లాగబోతే రొయ్యల బుట్ట బోర్లా పడింది. "అయ్యయ్యో, వయసు మళ్ళాక ఇదేం సోకే నీకు! ఎవడే వాడు?" అని అది బజారంతా వినబడేలా అరిచింది. కూలీలు "అక్కా, గాలికి ఎగిరిపోతావేమో, బరువు కట్టుకో" అని వెక్కిరించారు. కుర్చీలో కూర్చోబోతే ముందు భాగం లేచి నా గడ్డానికి తగిలింది. అందరూ నా మేజోళ్ళు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. పక్కకు వంగి, చుట్లు మడిచి కూర్చోవాలట. ఇన్నేళ్ళుగా లోపల వెతికాను గానీ ఎలా కూర్చుంటారో ఎప్పుడూ చూడలేదు.

పిల్చర్‌గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"హాగ్‌బెన్‌గారూ, ఇదేమిటి?"

"పని నేర్చుకోవడానికి సార్."

"పని మీకు రాదా?"

"ఇంకా బాగా నేర్చుకోవడానికి."

ఆయన మంచివాడు. మళ్ళీ కాగితాల్లో తల దూర్చారు.

అక్టోబరు 29

ఇవాళ ఎవరూ నవ్వలేదు. అలవాటు పడ్డారు. మంచిదే.

నవంబరు 1, మంగళవారం

మిసెస్ ఏవరిల్ వచ్చింది. పిల్చర్‌గారు వంగి నమస్కారం పెట్టి దారి వదిలారు. ఈసారి దొంగచూపులు లేవు. తల ఎత్తుకుని, నెమ్మదిగా, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ నడిచింది. పావడా వెనకభాగం మాత్రం ఆవిడ కంటే ఒక్క క్షణం ఆలస్యంగా కదులుతోంది. లోపల ఏదో బరువుంది. దాచిన వస్తువు వేలాడుతుంది, ఊగుతుంది. ఇది ఊగడం లేదు, ఈడ్చుకుంటూ వస్తోంది.

నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రొంప వల్ల బుర్ర పనిచేయలేదు.

రైలు దాకా వెంట వెళ్ళాను, దారి అటే కాబట్టి. మూల మీద ఆవిడ ఆగి తిరిగింది.

"నన్ను వెంబడిస్తున్నారా?"

"లేదమ్మగారూ, మా ఇల్లు అటే." మా ఇల్లు అటు కాదు.

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. "మీదీ కొత్తదే. వెనక పట్టీలు మరీ బిగించి కట్టారు. వదులు చేస్తే వెనక చోటు వస్తుంది."

"చోటు నాకెందుకమ్మగారూ?"

ఆవిడ పావడా కింద చెయ్యి పెట్టి పొట్టు నింపిన చిన్న సంచీ బయటికి లాగి, చంకలో పెట్టుకుని రైలెక్కింది. సంచీకి అడుగున పాత బూట్లు రెండు కుట్టి ఉన్నాయి. అరచేయి అంత బూట్లు. నేను చూస్తుండగానే చేసింది ఆ పని. ఎందుకు చేసిందో నాకు అర్థం కాలేదు.

పట్టీలు వదులు చేశాను. నడక తేలికైంది.

నవంబరు 8, మంగళవారం

కెప్టెన్ ఏవరిల్ అని ఒకాయన వచ్చాడు. ఆవిడ మరిది. పిల్చర్‌గారి ముందు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నేను మంటలో బొగ్గు వేస్తున్నాను, నన్ను గోడలా చూశాడు. అందుకే అంతా విన్నాను.

వాళ్ళన్న బులోన్‌లో ఉంటాడట. భార్యను ఇంట్లోంచి పంపేశాడట. "ఆవిడ నోరు మంచిది కాదండీ" అన్నాడు కెప్టెన్. కూతురు లెట్టీ, మూడు దాటింది, తండ్రి దగ్గరే ఉంది. చట్టం ప్రకారం బిడ్డ తండ్రిది. రెండు వారాలకొకసారి తల్లి వచ్చి తోటలో ఒక గంట బిడ్డతో గడపవచ్చు, ఆయా కూర్చుని కాపలా కాస్తుంది. అదీ ఈ నెలతో సరి. కొత్త సంవత్సరంలో అన్న కుటుంబం ఇటలీ వెళ్ళిపోతోంది, చిరునామా ఇవ్వరు.

"ఆవిడ ఏదో ఒకటి చేస్తుంది. పిల్లతో ఇక్కడ దిగితే పట్టుకోండి."

"అయ్యా, మేం పట్టుకునేది సరుకు, పిల్లల్ని కాదు" అన్నారు పిల్చర్‌గారు.

"అయితే సరుకే ఉందనుకోండి. నేనే వచ్చి నిలబడతాను." తర్వాత నవ్వుతూ అన్నాడు, "ఆ పిల్లకు కూడా తల్లి పిచ్చే పట్టింది. ఈ మధ్య బల్ల గుడ్డ కింద దూరి కూర్చుంటుందట. ఎంత పిలిచినా పలకదు, కదలదు. అదేదో ఆటట."

బొగ్గు పటకారు నా చేతిలోంచి జారిపడింది. "చూసుకో" అన్నాడు, మొదటిసారి నావైపు తిరిగి.

నవంబరు 9

బిడ్డ తండ్రిది. చట్టం అంతే. నాకు సంబంధం లేదు.

నవంబరు 10

నాకు సంబంధం లేదు. ఉద్యోగం పోతే ఎవరు పెడతారు? జైలు కూడా ఉంటుందేమో. జెమ్ ఉంటే "నీకు పట్టనిదాంట్లో తలదూర్చకే" అనేవాడు.

నవంబరు 12, శనివారం

నా పంజరానికి ఫ్లానెల్ కుట్టాను. చలికాలం వచ్చింది, చువ్వలు చల్లగా తగులుతున్నాయి.

వెనకవైపు.

నవంబరు 15, మంగళవారం

ఏదీ మరిచిపోకుండా వరసగా రాస్తాను.

మధ్యాహ్నం స్టీమరు వచ్చింది. సముద్రం మరీ దారుణంగా లేదు. కెప్టెన్ ముందే వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు, బులోన్ నుంచి తంతి అందిందట. బిడ్డ తోటలోంచి మాయమైంది.

మిసెస్ ఏవరిల్ దిగింది. ఒంటరిగా. మెల్లగా, ఒక్కో మెట్టూ. నేను పావడా వెనకవైపు చూశాను. ఒక్క క్షణం ఆలస్యం. ఈసారి పొట్టు సంచీ కాదు. సంచీ మెట్టు మెట్టుకూ ఆగి కాలు మోపదు.

"పిల్లేది?" అన్నాడు కెప్టెన్.

"మీ ఇంట్లో వదిలి వచ్చిన పిల్ల గురించి నన్నడుగుతారేం?" అంది.  

"పిల్చర్‌గారూ, ఈవిడ దగ్గర లేసు ఉంది. నాకు సమాచారం ఉంది. వెతికించండి."

పిల్చర్‌గారు నిలువునా చెమటలు కక్కారు. ఇటు కలెక్టరుగారి హుకుం, అటు పెద్దమనిషి ఫిర్యాదు. చివరికి నావైపు చూశారు. "హాగ్‌బెన్‌గారూ, మీరేమంటారు?"

నేనేమీ అనకుండా ఉండవచ్చు. "లేదు సార్, హుకుం ఉంది కదా" అనవచ్చు. అప్పుడు కెప్టెన్ ఆవిడ పక్కనే నడుస్తాడు, రైలు దాకా, ఆ పైన లండన్ దాకా. మూడేళ్ళ పిల్ల ఎంతసేపని ఊపిరి బిగబడుతుంది?

"నేను చూస్తాను సార్" అన్నాను.

తలుపు వేశాను. గడియ పెట్టాను. ఆవిడ మొహంలో రక్తం లేదు. నన్ను చంపేసేలా చూస్తోంది.

"మంట దగ్గర నిలబడకండి అమ్మగారూ, గౌను అంటుకుంటుంది" అన్నాను. నోటికి అదే వచ్చింది.

మోకాళ్ళ మీద కూర్చుని, ఎప్పుడూ చేసినట్టే, అంచు పైకెత్తాను. రెండు చిన్న బూట్లు. ఒక పిడికిలి గుడ్డ ఉంగరంలో దూరి ఉంది. చువ్వల మధ్యలోంచి ఒక మొహం నావైపు చూసింది. చెమట పట్టి, జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను. అది పెదవుల మీద వేలు పెట్టుకుని, మాట్లాడొద్దని నాకే సైగ చేసింది.

జన్మలో ఇన్ని పావడాలు ఎత్తి చూశాను. దొరికినదాన్ని చూసి ఏడుపొచ్చింది ఇదే మొదలు.

"అమ్మగారూ, వాడు మిమ్మల్ని వదలడు. నన్ను చూడడు. నాకివ్వండి."

"మీకా?" అంది. ఆ ఒక్క మాటలో నేను ఎవరినో ఏమిటో ఆవిడకు ఎంత తెలియదో అంతా ఉంది. తలుపు అవతల కెప్టెన్ "ఎంతసేపూ!" అంటున్నాడు. ఆవిడ నా పంజరం అంచు ఎత్తి చూసింది. ఫ్లానెల్ చూసింది. వేళ్ళతో తడిమింది. 

"మా అక్క వస్తుంది" అంది చెవిలో. "ఎడమ కంటి కింద మచ్చ ఉంటుంది. తన ఇద్దరు పిల్లలతో వస్తుంది. ఇంకెవరికీ ఇవ్వకండి."

"రేవులో ఎవరినడిగినా రొయ్యల థర్జా పాక చూపిస్తారు. దాని వెనకదే మా ఇల్లు."

తర్వాత బిడ్డతో, "లెట్టీ, ఈ గుడారంలోంచి ఆ గుడారంలోకి. అదే ఆట. బూట్లు చప్పుడు కాకూడదు" అంది. అది ఒక్క గెంతులో నా వెనక దూరింది. నా కాలి పిక్కను చల్లటి చెయ్యొకటి పట్టుకుంది. నేను అరవబోయి పెదవి కొరుక్కున్నాను.

"సుంకం కట్టాల్సిందేమీ లేదు సార్!" అని తలుపు తీయకుండానే అరిచాను.

"ఆ పంజరం విప్పించు! నేను చూడాలి!" అన్నాడు కెప్టెన్.

ఆవిడ నాడాలు లాగింది. చుట్లన్నీ ఒకదాని మీద ఒకటి కూలిపోయాయి. నేను వాటిని ఎత్తి, తలుపు తీసి, కెప్టెన్ చేతికి తగిలించాను. "తమరే చూసుకోండి బాబూ."

ఆయన పట్టుకుని నిలబడ్డాడు. పట్టీ ఒకటి జారి చుట్లన్నీ జరజరా కిందికి విప్పుకున్నాయి. కూలీలు, స్టీమరు ప్రయాణికులు, అందరూ చూస్తున్నారు. రొయ్యల బుట్టతో నిలబడ్డ థర్జా ఆగలేదు. "కెప్టెన్‌గారూ, నడుము దగ్గర మీకు బిగుతవుతుందేమో!" అంది. రేవు రేవంతా గొల్లుమంది. పిల్చర్‌గారు నేల చూపులు చూస్తున్నారు.

కెప్టెన్ పంజరాన్ని విసిరికొట్టి గదిలోకి దూసుకొచ్చాడు. నన్ను "జరుగు" అని మోచేత్తో నెట్టాడు. నా పావడా ఊగింది. వెనక చిన్న తల నా తొడకు కొట్టుకుంది. చప్పుడు లేదు. ఆయన బల్ల కింద చూశాడు, కుర్చీ వెనక చూశాడు, బొగ్గుల డబ్బా మూత తీసి అందులో కూడా చూశాడు. నాకు నవ్వొచ్చింది. భయంలో నవ్వొస్తే ఎంత కష్టమో ఇవాళ తెలిసింది.

మిసెస్ ఏవరిల్ గౌను నేల మీద ఈడ్చుకుంటూ, తల ఎత్తుకుని రైలు వైపు వెళ్ళిపోయింది. నావైపు చూడలేదు. అలా చూడకుండా వెళ్ళడానికి ఎంత బలం కావాలో. కెప్టెన్ ఆవిడ వెంట పరిగెత్తాడు.

"నాకు ఒంట్లో బాగోలేదు సార్, ఇంటికెళ్తాను" అన్నాను. పిల్చర్‌గారు చెయ్యి ఊపారు.

నా ఇంటికి రేవు దాటి చిన్న సందు. ఆ దారి అంత పొడవని నాకెప్పుడూ తెలియదు. చిన్న అడుగు. ఆగడం. ఇంకో చిన్న అడుగు. మడమ మీద బూటు తొక్కుతోంది. వీపు కింద వెచ్చటి ఊపిరి. పట్టాల దగ్గర బురద, కూలీ నెడ్ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, అంచు పాడవుతుంది, ఎత్తిపట్టనా?" అని వంగాడు.

"చెయ్యి వేశావంటే విరగ్గొడతాను! నా పావడా ఎత్తడానికి నువ్వెవడివిరా?"

పాపం, మంచికి వచ్చినవాడు బిక్కచచ్చిపోయాడు. రేపు వాడికి పొగాకు కొనిపెట్టాలి.

ఇంట్లోకి వచ్చి తలుపేసి అంచు ఎత్తాను. అది బయటికొచ్చి, గది అంతా చూసి, "ఆట అయిపోయిందా? ఎవరు గెలిచారు?" అంది.

"నువ్వే" అన్నాను.

"అమ్మేది?"

వస్తుందన్నాను. నిజమో అబద్ధమో నాకే తెలియదు. అది ఏడవలేదు. నాకే ఆగలేదు. ఇప్పుడు నా దుప్పటి కప్పుకుని పడుకుంది. బూట్లు విప్పనివ్వలేదు.

నవంబరు 16

ప్రశ్నలు, ప్రశ్నలు. రొయ్యకు మీసాలెందుకు? పొగ పైకే ఎందుకు పోతుంది? ఈ డబ్బాలో ఏముంది? ఆ డబ్బాలో? మూత కనబడితే దాని చెయ్యి ఊరుకోదు. థర్జా చూసి, "ఇది నీ కడుపున పుట్టాల్సిందే" అంది. దానికి చెప్పక తప్పలేదు. చెప్పాక అది పాక తలుపేసుకుని ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది, తర్వాత చేప వేయించి తెచ్చింది.

నవంబరు 17, గురువారం

పనికి వెళ్ళాను, థర్జా కాపలా ఉంది. సాయంత్రం నేను ఇంటికొచ్చి టీ పెడుతుంటే తలుపు తట్టారు. పిల్చర్‌గారు. ఇన్నేళ్ళలో ఆయన మా ఇంటికి రాలేదు.

లెట్టీ అప్పటికే బల్ల గుడ్డ కింద ఉంది. నేను చెప్పలేదు. తలుపు చప్పుడు వినగానే అదే దూరింది.

ఆయన లోపలికి వచ్చి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. కెప్టెన్ లండన్ నుంచి తిరిగొచ్చాడట, వదిన దగ్గర బిడ్డ లేదట, రేవులో అందరినీ అడుగుతున్నాడట.

"మీకేమైనా తెలుసా అని నన్ను కనుక్కోమన్నాడు."

"నాకేం తెలుస్తుంది సార్?"

ఆయన బల్ల వైపు చూశారు. బల్ల మీద రెండు పళ్ళాలు. ఒకదాంట్లో రొట్టె అంచులు కొరికి వదిలేసి ఉన్నాయి. చాలాసేపు చూశారు.  నౌకరీ పోయిందనుకున్నాను. అది పోతే పోనీ, బిడ్డను తీసుకెళ్ళకపోతే చాలు అనుకున్నాను. ఆ మాట అనుకున్నాక భయం పోయింది.

"హాగ్‌బెన్‌గారూ, రేపటి నుంచి ఆ పంజరం పనికి వేసుకు రావద్దు."

"ఎందుకు సార్?"

"దాంతో మీ నడక మరీ నెమ్మదవుతోంది. మొన్న చూశాను." టోపీ పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి, నావైపు తిరక్కుండానే, "చట్టపు పుస్తకంలో సుంకం పడే వస్తువులన్నీ ఉంటాయి. నాకు కంఠతా వచ్చు. అవి ఏవీ మీ ఇంట్లో నాకు కనబడలేదు" అన్నారు.

ఆయన వెళ్ళాక కూడా లెట్టీ బయటికి రాలేదు. "వెళ్ళిపోయారమ్మా" అంటే, "నేను చాలా బాగా ఆడాను కదా?" అంది గుడ్డ లోపలి నుంచి.

నవంబరు 19, శనివారం

అక్కగారు వచ్చింది. ఎడమ కంటి కింద మచ్చ. ఆవిడ పిల్లలిద్దరూ కొట్టుకుంటూ, ముక్కులు కారుతూ, రేవంతా వినబడేలా గోల చేస్తూ వచ్చారు. ఇద్దరు గోల చేస్తూ వచ్చి ముగ్గురు గోల చేస్తూ వెళ్తే ఎవరు లెక్కపెడతారు? ఓ టోపీ, ఓ శాలువా మార్చాం, అంతే. దాక్కోవాల్సిన పని లేకుండా నేరుగా నడిచి వెళ్ళింది. తల్లి వేరే ఊళ్ళో ఎదురుచూస్తోందట, ఏ ఊరో చెప్పబోతే వద్దన్నాను. నాకు చెబితే నేను అక్కడికి వెళ్ళి చూడకుండా ఉండలేను.

లెట్టీ మూల దాకా వెళ్ళి పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చింది. "మీ గుడారం బాగుంది. కానీ అమ్మది ఇంకా బాగుంటుంది" అంది.

"అవును" అన్నాను.

రైలు కూత వినబడేదాకా గుమ్మంలోనే ఉన్నాను.

నవంబరు 22, మంగళవారం

పంజరం మడిచి మంచం కింద పెట్టేశాను. పాత పావడాతో పనికి వెళ్ళాను. ఒకావిడ దగ్గర సిల్కు దొరికింది. అంత సంతోషమేమీ అనిపించలేదు.

పని అయ్యాక రేవు దాటుతుంటే థర్జా పాక ముందు నిలబడి అరిచింది.

"ఏమే కెజియా! పంజరం తీసేశావు కదా, ఇంకా ఆ నత్తనడక ఏమిటే? కాలేమైనా బెణికిందా?"

కిందికి చూసుకున్నాను. చిన్న అడుగు వేస్తున్నాను. ఆగుతున్నాను. వెనక నుంచి ఇంకో అడుగు పడేదాకా ఆగి, ఆ తర్వాత మళ్ళీ చిన్న అడుగు వేస్తున్నాను.

"ఏం లేదే" అన్నాను. మామూలుగా నడవచ్చు. ఎవరూ లేరని తెలుసు. అయినా ఇంటి దాకా అలాగే నడిచాను.